ఇరవై నాలుగు రోజుల లీకు

2024 సెప్టెంబరు 2, సోమవారం. మధ్యాహ్నం 3 గంటల 20 నిమిషాలకు మా హెచ్‌పీఎల్‌సీ, అంటే మందులో ఏది ఎంత ఉందో వేరు చేసి కొలిచే యంత్రం, ఎర్ర దీపం వెలిగించి, పంపు ఆపేసుకుని కూర్చుంది. తెర మీద లీకు అన్న హెచ్చరిక. ఆ దీపం మళ్లీ పచ్చబడి, యంత్రం బాగుందని నేను పుస్తకంలో సంతకం పెట్టింది సెప్టెంబరు 25న. మొదటి రోజును, చివరి రోజును కలుపుకుంటే ఇరవై నాలుగు రోజులు. ఖర్చు యాభై వేలు దాటింది. కారింది ఒక్క చోట కాదు. వాటిలో ఒక లీకును నా చేతులతో నేనే తయారు చేశాను. అది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, అయినా ఇలాంటి గదిలో ఒంటరిగా కూర్చుని స్పానరు వైపు చూస్తున్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. బజారులో ఒక కొట్టులో తెలుగులో బేరం సాగుతుంటే పక్క కొట్టులో ఒడియాలో లెక్క చెబుతుంటారు. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఇక్కడి ఒక ఫార్మసీ కళాశాలలో పరికరాల గది నా బాధ్యత. లీకుకు నిఘంటువుల్లో మంచి మాటలు ఉండవచ్చు గానీ నేను లీకు అనే రాస్తాను. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, ఆ మాత్రం చనువు ఉంది.

గదిలో నాతో పాటు ఇద్దరు. ఒకరు మా అటెండరు. వయసులో పెద్దవాడు, నేను బాబాయ్ అని పిలుస్తాను. ఇంకొకరు ఎం.ఫార్మ్ రెండో ఏడు చదువుతున్న కొరాపుట్ అమ్మాయి. తెలుగు అర్థమవుతుంది, కంగారు పడితే మాత్రం ఒడియాలోకి వెళ్లిపోతుంది. మాత్రల్లో పారాసిటమాల్, కెఫీన్ రెండింటినీ ఒకేసారి కొలిచే పద్ధతి ఆమె ప్రాజెక్టు. ఫాస్ఫేట్ బఫరు, అంటే ఫాస్ఫేట్ ఉప్పు కలిపిన నీళ్లు, డెబ్బై పాళ్లు, మెథనాల్ ముప్పై పాళ్లు కలిపిన ద్రావకాన్ని పంపు నిమిషానికి 1 మి.లీ. చొప్పున కాలమ్ అనే సన్నని గొట్టంలోంచి తోస్తుంది, మందులు విడిపోయేది అందులోనే. పారాసిటమాల్ పీక్, అంటే అది బయటికి వచ్చినప్పుడు తెర మీద గీత లేచే శిఖరం, 4.2 నిమిషాలకు వస్తుంది, పీడనం 150 బార్ దగ్గర నిలబడుతుంది. ఈ రెండు అంకెలను గుర్తుపెట్టుకోండి.

అసలు కథ రెండు రోజుల ముందే మొదలైంది. ఆగస్టు 31, శనివారం. బంగాళాఖాతంలో వాయుగుండం, పొద్దుటి నుంచి ఒకటే వాన. కిటికీలోంచి జల్లు కొడుతోందని బాబాయ్ నేనూ కలిసి యంత్రం ఉన్న బల్లను లోపలి గోడ వైపు జరిపాం. సాయంత్రం ఆరింటికి ఇరవై నాలుగు ఇంజెక్షన్ల (నమూనాను ఒకసారి యంత్రంలోకి ఎక్కిస్తే ఒక ఇంజెక్షను) వరస పెట్టి ఇంటికి వెళ్లిపోయాను. ఆ వరస చివర, గొట్టాలను ముందు నీళ్లతో, తరువాత మెథనాల్‌తో కడిగే కార్యక్రమం కూడా పెట్టాను. పెట్టానే గానీ, అది చివర ఉంది. వాయుగుండం ఆ రాత్రి కళింగపట్నం దగ్గర తీరం దాటింది. మాకు కరెంటు ఎనిమిదింటికే పోయింది. యూపీఎస్ ఒక గంట మోసింది కాబోలు, పదిహేడో ఇంజెక్షను దగ్గర అంతా ఆగిపోయింది. కడగడం అనేది జరగనే లేదు. ఆదివారం ఎవరమూ అటు తొంగిచూడలేదు. శనివారం రాత్రి తొమ్మిది నుంచి సోమవారం పొద్దున తొమ్మిది దాకా, ముప్పై ఆరు గంటలు, ఉప్పు కలిసిన బఫరు పంపులో కదలకుండా ఉండిపోయింది.

సోమవారం నేను చేయవలసింది ఒక్కటే. నెమ్మదిగా, నిమిషానికి 0.2 మి.లీ. చొప్పున, ఒక గంటసేపు మంచి నీళ్లు పంపించి లోపల గడ్డకట్టిన ఫాస్ఫేట్‌ను కరిగించడం. ఆ సంగతి నాకు తెలియక కాదు. పిల్లలకు నేనే చెబుతాను. కానీ 16వ తేదీకల్లా ఫలితాలు గైడు చేతిలో ఉండాలని ఆ అమ్మాయి కళ్లల్లో నీళ్లు పెట్టుకుంటుంటే, మిగిలిన ఏడు ఇంజెక్షన్లూ ముందు కానిద్దాం అన్నాను. తిన్నగా 1 మి.లీ. వేగంతో పంపు నడిపించాను. ఆ పొద్దున బాబాయ్ ఒక మాట కూడా అడిగాడు. "అమ్మా, వెనకాల ఆ చిన్న సీసా ఖాళీగా ఉంది, నీళ్లు పోయమంటావా?" తరువాత చూద్దాంలే బాబాయ్ అన్నాను. ఆ సీసా సంగతికి మళ్లీ వస్తాను.

మొదటి ఇంజెక్షనులోనే పీక్ 4.2 కి బదులు 4.5 దగ్గర వచ్చింది. తరువాత 4.6. పీడనం గీత తిన్నగా పోవలసింది, రంపం పళ్లలా కదలడం మొదలుపెట్టింది. మూడున్నర కావస్తుండగా ఎర్ర దీపం.

అడుగున ఉన్న పళ్లెంలో నీళ్లు ఉన్నాయి. నిజంగానే ఉన్నాయి, రెండు మూడు చెంచాలు. "మ్యాడమ్, పాణి!" అని ఆ అమ్మాయి అరిచింది. యంత్రం గుండెకాయ పగిలినంత భయం వేసింది నాకు. తుడిచాం, అలారం ఆపాం, మళ్లీ నడిపాం. గంటలో మళ్లీ నీళ్లు. ఏ నట్టు ముట్టుకున్నా పొడిగానే ఉంది. చీకటి పడ్డాక బుద్ధి పుట్టి ఒక పని చేశాను. పళ్లెంలో నీటిని ఒక చుక్క గాజు పలక మీద వేశాను, పక్కన బఫరు చుక్క ఇంకొకటి వేశాను, రెండింటినీ హాట్‌ప్లేటు మీద ఆరనిచ్చాను. బఫరు చుక్క తెల్లటి మచ్చ వదిలింది. పళ్లెంలోని చుక్క ఏమీ వదలలేదు. అది ఉత్త నీరు!

తీరా చూస్తే సంగతి ఇది. నమూనాలను తనంతట తానే ఎక్కించే మా ఆటోశాంప్లరు, వాటి సీసాలను 8 డిగ్రీల దగ్గర చల్లగా ఉంచుతుంది. వానాకాలపు తేమ గాలి అక్కడ తగిలి నీరుగా మారుతుంది, మంచినీళ్ల చల్లటి గ్లాసు చెమర్చినట్టు. ఆ నీరు వెనక ఒక సన్నని గొట్టంలోంచి డబ్బాలోకి పోవాలి. శనివారం బల్లను గోడకు జరిపినప్పుడు ఆ గొట్టం గోడకూ యంత్రానికీ మధ్య నలిగి మూసుకుపోయింది. నీరు వెనక్కి తిరిగి పళ్లెంలోకి వచ్చింది. బల్లను నాలుగు వేళ్ల మేర ఇవతలికి లాగితే అలారం పోయింది. ఆ రాత్రి ఇంటికి వెళ్తూ బాబాయ్‌కి మిఠాయి కూడా కొనిచ్చాను. అంత గెలుపు అనుకున్నాను.

కానీ పీక్ 4.6 దగ్గరే ఉంది. ఆ నీళ్లు వేరు, మా రోగం వేరు. నీళ్లు దొరికాయి కాబట్టి లీకు దొరికిందనుకుని, పీక్ జరగడానికి కారణం కాలమ్ పాడవడమే అయి ఉంటుందని తేల్చేశాను. ఇలా తేల్చడంలో ఒక సుఖం ఉంది. కాలమ్ మార్చడం నాకు వచ్చిన పని, పంపు విప్పడం రాని పని.

మంగళవారం బీరువాలోంచి ఇంకో కాలమ్ తీశాను. పొడవు, వ్యాసం అన్నీ అవే, 250 మి.మీ., 4.6 మి.మీ., లోపల నింపిందీ అదే రకం, సి18. తయారీదారు మాత్రం వేరు. పాత కాలమ్‌కు బిగించి ఉన్న స్టీలు గొట్టాన్నే దీనికీ బిగించాను. చుక్క కారింది. పావు చుట్టు బిగించాను. ఆగింది, అరగంటకు మళ్లీ కారింది. ఇంకో పావు చుట్టు. బుధవారం మధ్యాహ్నానికి స్పానరు మీద రెండు చేతులూ పెట్టి బిగిస్తున్నాను, బాబాయ్ యంత్రం కదలకుండా పట్టుకున్నాడు. ఆయన ఊళ్లో బోరు పైపులకు కూడా ఇంత బలం పెట్టరని అన్నాడు.

స్టీలు నట్టు లోపల ఫెరూల్ అనే చిన్న ఉంగరం లాంటిది ఉంటుంది. మొదటిసారి బిగించినప్పుడు అది గొట్టాన్ని కరిచి శాశ్వతంగా అక్కడే ఉండిపోతుంది. దాని ముందు గొట్టం ఎంత మిగలాలి అనేది కాలమ్ నోటి లోతును బట్టి ఉంటుంది, ఆ లోతు తయారీదారును బట్టి మారుతుంది. ఒకరి కాలమ్‌కు కరిచిన ఫెరూల్‌ను ఇంకొకరి కాలమ్‌లో పెడితే రెండే జరుగుతాయి. గొట్టం పొట్టిదైతే లోపల ఖాళీ మిగిలి పీక్‌లు వెడల్పవుతాయి, పొడుగైతే ఫెరూల్ కూర్చోదు, కారుతుంది. ఎంత బిగించినా కారుతుంది. బిగించే కొద్దీ నట్టు మరలు చెడతాయి తప్ప లీకు ఆగదు. మాది పొడుగైంది. చేతివేళ్లతో బిగించే ప్లాస్టిక్ నట్టు ఒకటి సొరుగులో ఉంటే దాన్ని కొత్త గొట్టంతో పెట్టాను. వేళ్లతో బిగించగానే ఆగిపోయింది. రెండు రోజుల కుస్తీ రెండు నిమిషాల్లో తీరింది. ఈ ప్లాస్టిక్ నట్లు మాలాంటి పీడనాలకు చక్కగా సరిపోతాయి, ఏ కాలమ్‌కైనా సర్దుకుంటాయి. టెట్రాహైడ్రోఫ్యూరాన్ లాంటి ద్రావకాలు వాడేవాళ్లు మాత్రం జాగ్రత్త పడాలి, వాటికి ఆ ప్లాస్టిక్ ఉబ్బుతుంది.

ఇప్పుడు ఎక్కడా చుక్క లేదు. పీక్ 4.8 దగ్గర వచ్చింది. కొత్త కాలమ్ మీద కూడా. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

5వ తేదీ గురువారం ఉపాధ్యాయ దినోత్సవం. పిల్లలు పువ్వులిచ్చారు, కేకు కోశారు, సగం రోజు అలా పోయింది. దండలు వేయించుకుంటూ కూర్చున్న ఆ గంటలోనే, నేను మూడు రోజులుగా పంపు వైపు చూడకుండా తప్పించుకుంటున్నానని మొదటిసారి ఒప్పుకున్నాను.

శుక్రవారం పొద్దున స్పానరును సొరుగులో పెట్టి తాళం వేశాను. నిజంగానే వేశాను. తాళం చెవి బాబాయ్‌కి ఇచ్చాను. ఒక చోట కూర్చుని, కాగితం మీద ద్రావకం దారి గీశాను. సీసా, పంపు, ఆటోశాంప్లరు, కాలమ్, డిటెక్టరు, వ్యర్థాల డబ్బా. ముందు అన్నిటికంటే సులువైన పరీక్ష. డిటెక్టరు దాటాక వచ్చే ద్రవాన్ని 10 మి.లీ. గాజు ఫ్లాస్కులో పట్టి, ఆ అమ్మాయి ఫోనులో గడియారం పెట్టాం. నిమిషానికి 1 మి.లీ. అయితే సరిగ్గా 10 నిమిషాల్లో గీతను ముట్టాలి. 11 నిమిషాల 25 సెకన్లు పట్టింది. లెక్క వేసి చూడండి, 4.2 ని 1.14 తో గుణిస్తే 4.8. పీక్ జరిగింది కాలమ్ వల్ల కాదు, రసాయనం వల్ల కాదు, దారిలో ఎక్కడో ద్రవం తగ్గిపోతోంది కాబట్టి. పీడనం కూడా 150 బార్ నుంచి 125, 138 మధ్యకు పడిపోయి ఊగుతోంది. నాలుగు రోజులుగా ఈ రెండు అంకెలూ నా కళ్ల ముందే ఉన్నాయి. ఒక ఫ్లాస్కు, ఒక ఫోను, పన్నెండు నిమిషాలు. సోమవారమే చేసి ఉండవచ్చు.

మరి ద్రవం తగ్గిపోతుంటే చుక్క ఎందుకు కనిపించదు? ఇది నాకు ఎదురైన వింతల్లో పెద్దది. మా ద్రావకంలో మెథనాల్ ఉంది, కొద్దికొద్దిగా కారితే వేడిగా ఉండే పంపు లోహం మీద పాకి ఆవిరైపోతుంది. చుక్కగా మారే లోపే మాయమవుతుంది. తడి కోసం వెతికితే దొరకదు, తెల్లటి పొడి కోసం వెతకాలి. ఫాస్ఫేట్ మాత్రం ఎక్కడికీ పోదు కదా. తరువాత సీసా మార్చి ఉత్త నీళ్లు నడిపాం, ఆరిపోకుండా ఉండటానికి. ఫిల్టరు కాగితాన్ని సన్నని ముక్కలుగా కోసి ఒక్కొక్క కీలు దగ్గరా ఆనించుకుంటూ వచ్చాం. కంటికి కనపడని తడిని కాగితం పట్టేస్తుంది. కీళ్లన్నీ పొడిగా ఉన్నాయి. పంపు తల కింద, వెనక భాగంలో, ఒక చిన్న రంధ్రం ఉంటుంది. చాలామంది దాని ఉనికే గమనించరు, నేనూ గమనించలేదు. ఆ రంధ్రం దగ్గర పెట్టిన కాగితం ముక్క క్షణంలో తడిసిపోయింది. టార్చి వేసి చూస్తే దాని చుట్టూ ఉప్పు పెట్టిన గోడలా తెల్లగా పెచ్చు కట్టి ఉంది.

పంపులో నీలమణి కడ్డీ ఒకటి ముందుకూ వెనక్కూ కదులుతూ ద్రావకాన్ని తోస్తుంది. ప్లంజరు అంటాం. నీలమణి అంటే నగల్లో పెట్టే రాయే, కాకపోతే కృత్రిమంగా పెంచింది, పెన్సిలు కంటే సన్నని కడ్డీ. దాని చుట్టూ ప్లాస్టిక్ సీల్ బిగుతుగా పట్టుకుని ద్రవం వెనక్కి రాకుండా ఆపుతుంది. సీల్ అరిగితే ద్రవం వెనక్కి వచ్చి ఆ రంధ్రంలోంచి బయటపడుతుంది. ద్రవాన్ని ఒక వైపుకే పోనిచ్చే చెక్ వాల్వు చెడినా పీడనం ఇలాగే ఊగుతుంది, ప్రవాహం తగ్గుతుంది. కానీ అక్కడ ద్రవం లోపలే వెనక్కి జారుతుంది, బయట ఒక్క చుక్క రాదు. మాకు తెల్లటి పెచ్చు కనిపించింది కాబట్టి సీల్ అని తేలింది.

ఇక ఆ చిన్న సీసా. సీల్ వెనక భాగాన్ని ఎప్పటికప్పుడు కడుగుతూ ఉండటానికి, పది శాతం ఐసోప్రొపనాల్ కలిపిన నీళ్లు ఒక సీసాలోంచి వెళ్తుంటాయి. సీల్ దాటి వచ్చే అతి కొద్దిపాటి బఫరు అక్కడ ఎండి ముక్కలు కట్టకుండా అదే కాపాడుతుంది. ఆ సీసా ఖాళీ. ఎన్ని రోజులుగా ఖాళీయో నాకు తెలియదు. బాబాయ్ సోమవారం అడిగింది ఆ సీసా గురించే. ఆయన ఆ మాట ఎత్తలేదు. గిన్నె కడుక్కుని, టీ పెట్టి తెచ్చాడు. ఎత్తి ఉంటేనే బాగుండేదని అనిపించింది.

శుక్రవారం మధ్యాహ్నం విశాఖలో ఉండే సర్వీసు ఇంజినీరుకు ఫోను చేశాను. వార్షిక నిర్వహణ ఒప్పందం మార్చిలోనే ముగిసిపోయింది, కాబట్టి వచ్చి చూడటానికే 14,000 రూపాయలు, పైన 18 శాతం జీఎస్‌టీ. సీల్ ఒక్కటే అయితే మీరే మార్చుకోవచ్చు మేడమ్, వీడియోలో చెబుతాను అన్నాడు. రెండు సీళ్లకు పన్నుతో కలిపి 8,732 రూపాయలు. చూపుడు వేలి గోరంత వస్తువులు. ఉంగరాలైనా ఇంత ప్రియం కావు అనుకున్నాను.

కొనుగోలు సంఘం మూడు కొటేషన్లు అడిగింది. ఈ సీల్‌ను అమ్మేది ఒక్కరే అని చెబితే, అమ్మేది ఒక్కరే అని ఆ ఒక్కరి దగ్గరే ఉత్తరం తెమ్మంది. తెచ్చాం. 7వ తేదీ శనివారం వినాయక చవితి. మా వైపు కళాశాలల్లో గణేశ పూజ అంటే చదువు కంటే పెద్ద పని. శుక్రవారం నుంచే సంతకం పెట్టవలసినవారు మండపం దగ్గర ఉన్నారు. ఆదివారం సెలవు. సోమవారం ఇంకో వాయుగుండం పూరీ దగ్గర తీరం దాటింది, మళ్లీ వానలు. మంగళవారం, 10న, సంతకం అయింది. 11న హైదరాబాదు నుంచి పార్సిలు బయలుదేరింది.

అది ఎప్పుడు వస్తుందో అని రోజుకు పదిసార్లు ఫోనులో చూసేదాన్ని. 13న శ్రీకాకుళం. అక్కడి నుంచి మూడు రోజులు కదలలేదు. మా చిరునామా ఒడిశా, మాకు దగ్గరి కొరియరు కేంద్రం ఆంధ్ర. దూరాన్ని చూస్తే శ్రీకాకుళం వాళ్లది, పిన్‌కోడును చూస్తే బరంపురం వాళ్లది. ఎవరికి వారు అవతలివాళ్లది అనుకున్నారు. చివరికి నేనే ఫోను చేసి, దయచేసి పాతపట్నంలో దింపేయండి, నేనే వచ్చి తీసుకుంటాను అని బతిమాలాను. ఈ సరిహద్దులో ఉన్నవాళ్లకు నా సలహా, ముందే పాతపట్నంలో తెలిసినవారి ఇంటి చిరునామా ఇచ్చుకోండి. 18వ తేదీ బుధవారం నేనూ బాబాయ్ ఆటోలో వెళ్లి తెచ్చుకున్నాం. వచ్చేటప్పుడు నీలమణి దుర్గమ్మ గుడి ముందు ఆటో ఆపించి ఆయన దణ్ణం పెట్టుకున్నాడు. మన ప్లంజరు కూడా నీలమణే కదా బాబాయ్ అన్నాను. ఆయన నవ్వలేదు, సీల్ పొట్లాన్ని కూడా ఒకసారి గుడి వైపు చూపించాడు.

ఈ లోగా 16వ తేదీ దాటిపోయింది. ఆ అమ్మాయి గైడు వారం గడువు ఇచ్చారు, తరువాత ఇంకో వారం. ఆమె మాత్రం రోజూ వచ్చి, ఆగిపోయిన యంత్రం పక్కన కూర్చుని థీసిస్ మొదటి అధ్యాయాలు రాసుకునేది. నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు కష్టంగా ఉండేది.

గురువారం, 19న, నేను మొదటిసారి పంపు విప్పాను. ముందు గంటసేపు గోరువెచ్చని నీళ్లు నడిపి ఉప్పును కరిగించాను. ఫోనును గ్లాసుకు ఆనించి నిలబెట్టాం, అవతల ఇంజినీరు చూస్తున్నాడు. పంపు తలను తిన్నగా లాగాలి, కొంచెం పక్కకు వంచినా నీలమణి కడ్డీ పుటుక్కున విరుగుతుందని మూడుసార్లు హెచ్చరించాడు. నా చేతులు వణికాయి. పాత సీల్‌ను స్క్రూడ్రైవరుతో పెకలించకూడదు, లోపలి గోడ మీద గీత పడితే ఇక ఏ సీలూ నిలవదు. దానికి ఇచ్చిన ప్లాస్టిక్ పనిముట్టుతోనే తీయాలి. కొత్త సీల్‌ను కాసేపు ఐసోప్రొపనాల్‌లో నానబెట్టాను. అందులో ఒక వైపు చిన్న స్ప్రింగు కనిపిస్తుంది, ఆ వైపు ద్రవం ఉండే దిక్కుకు ఉండాలి. తిప్పి పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారట, నేను పెట్టలేదు. రెండు స్క్రూలనూ ఒకదాని తరువాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాను. ఐసోప్రొపనాల్‌తో అరగంటసేపు అధిక పీడనంలో నడిపి సీల్‌ను కుదురుకోనిచ్చాను. 10 మి.లీ. ఫ్లాస్కు 10 నిమిషాల 4 సెకన్లలో నిండింది. పీక్ 4.2. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది.

శుక్రవారం మధ్యాహ్నానికి 4.3. సాయంత్రానికి రంధ్రం దగ్గర కాగితం మళ్లీ తడి.

ఆ సాయంత్రం గురించి ఎక్కువ రాయలేను. గది తలుపు వేసి కాసేపు ఊరికే కూర్చున్నాను. కొత్త సీల్, సరైన దిక్కు, సరైన బిగింపు. ఇంజినీరుకు ఫోను చేస్తే ఒకటే అడిగాడు. "ప్లంజరు మీద గీతలు చూశారా మేడమ్?" చూడలేదు. గుడ్డతో తుడిచాను, అంతే. విరుగుతుందన్న భయంతో దాన్ని బయటకు తీసి వెలుతురులో చూసే ధైర్యం చేయలేదు. అతను చెప్పలేదు, నేను అడగలేదు.

ఇంజినీరు 24వ తేదీ మంగళవారం విశాఖ నుంచి గుణుపురం పాసింజరులో వచ్చాడు. నౌపడ దాటాక బండి నెమ్మదించిందని విసుక్కుంటూ దిగాడు. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్ల కుర్రాడు. టీ తాగి, పది నిమిషాల్లో ప్లంజరు తీసి కిటికీ దగ్గర పట్టుకుని నెమ్మదిగా తిప్పాడు. నాకేమీ కనిపించలేదు. గోటితో నిమిరి చూడండి అన్నాడు. నిమిరాను. ఒక చోట గోరు ఆగింది. వెంట్రుక కంటే సన్నని గీత. ప్రతి కదలికలోనూ ఆ గీత కొత్త సీల్‌ను చెక్కుతూ వచ్చింది. అది ఆ ముప్పై ఆరు గంటల ఉప్పు వల్ల పడిందా, సీసా ఖాళీగా ఉన్న రోజుల్లో పడిందా, అంతకు ముందు ఏడాదిదా అని అడిగాను. గీత మీద తేదీ రాసి ఉండదు కదా మేడమ్ అన్నాడు.

కొత్త ప్లంజరు అతని సంచిలోనే ఉంది. 19,800 రూపాయలు, పన్నుతో 23,364. ముందే ఊహించి తెచ్చాడు. దాన్నీ, రెండో సీల్‌నూ పెట్టాడు. తరువాత చేసిన పరీక్ష నాకు నచ్చింది. పంపు బయటి నోటికి రంధ్రం లేని గుడ్డి నట్టు బిగించి, అతి తక్కువ ప్రవాహంతో 200 బార్ దాకా పీడనం ఎక్కించి, పంపు ఆపేసి చూస్తూ కూర్చోవడం. పీడనం నిలబడితే పంపు మంచిది, జారితే కాదు. పది నిమిషాలు కూర్చున్నాం, ముగ్గురం తెర వైపే చూస్తూ, గుమ్మంలో బాబాయ్ నిలబడి. గీత దాదాపు కదలలేదు. 25న రోజంతా నడిపి, ఫ్లాస్కు పరీక్ష మూడుసార్లు చేసి, సంతకం పెట్టాను.

సీళ్లు 8,732. ఇంజినీరు రాక 16,520. ప్లంజరు 23,364. వెతుకులాటలో, కడుగుళ్లలో పారబోసిన మెథనాల్ రెండు సీసాలు, సుమారు 2,200. మొత్తం 50,816 రూపాయలు. పనికిరాకుండా పోయిందనుకున్న పాత కాలమ్‌కు ఏ జబ్బూ లేదు, ఇప్పుడు దాని మీదే పని చేస్తున్నాం. 17 పాత ఇంజెక్షన్ల ఫలితాలు ఉంచుకుని, సోమవారం నాటివన్నీ కొట్టేసి, ఆ అమ్మాయి 28వ తేదీకి మిగిలినవి ముగించింది.

ఆ చిన్న సీసాకు బాబాయ్ ఎర్ర సిరాతో ఒక గీత గీశాడు, ఇంతకంటే తగ్గకూడదని. పక్కన తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి రాయించాడు. స్పానరు ఉన్న సొరుగు తాళం చెవి ఇంకా ఆయన దగ్గరే ఉంది, అడిగితే ఎందుకమ్మా అని అడిగి మరీ ఇస్తున్నాడు.

ప్లంజరు బిల్లు మాత్రం కదలలేదు. సంఘం అనుమతి ముందు, కొనడం తరువాత అన్నది నియమం. మేము యంత్రం తెరిచాక కొన్నాం. ఇంజినీరు ప్రతి సోమవారం ఫోను చేస్తాడు, యంత్రం ఎలా ఉంది మేడమ్ అని మొదలుపెడతాడు. బాగుంది బాబూ అంటాను. అయితే ఆ బిల్లు, అంటాడు.